ఎవరి అనుమతీ లేకుండా

జూలై 9

పెద్దమ్మా,

నిన్న ఫోన్లో నేను "క్లాసు బాగుంది" అంటే నువ్వు "ఏ సైజు గ్లాసు?" అన్నావు. రంపం నీ చెవుల్ని సగం తినేసింది. ఇక ఉత్తరాలే మేలు. నువ్వు కూడా రాయాలి, ఫ్రేములు కట్టే పనుందని తప్పించుకోకు.

ముందు ఒక మాట. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ మా పిల్ల లాయరు చదువుతోందని చెబుతున్నావట. అమ్మ చెప్పింది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, నా డిగ్రీ పట్టాకని మంచి టేకు పట్టీ కూడా అప్పుడే ఎత్తిపెట్టావట. పెద్దమ్మా, నేను లాయరు కావడం లేదు. మా కోర్సు పేరు 'చట్టం, సమాజం'. చట్టంలో ఏముందో బట్టీ పట్టడం కాదు. జనం చట్టాన్ని ఏం చేసుకుంటారు, చట్టం జనాన్ని ఏం చేస్తుంది అని చూడటం. ఇది చదివితే ఏమవుతావు అని అడుగుతావు. నాకూ తెలియదు. మా క్లాసులో సగంమందికి తెలియదు.

మొదటిరోజు క్లాసుకి వెళ్తే ముందు వరస కుర్చీలన్నింటి మీదా 'కూర్చోరాదు' అని కాగితాలు అంటించి ఉన్నాయి. వెనక కుర్చీలు నిండిపోయాయి. మిగిలిన మేమందరం గోడకి ఆనుకుని గంటసేపు నిలబడ్డాం. చివర్లో టీచరమ్మ వచ్చి, "ఎవరు అంటించారని ఒక్కరైనా అడిగారా?" అంది. ఎవరమూ అడగలేదు. నాకు కాళ్లు లాగుతున్నాయి, సిగ్గూ వేసింది, ఇంతకీ పాఠం అయిందో లేదో కూడా అర్థం కాలేదు.

ఇప్పుడు నీతో పని. ఒక వీధిని ఎంచుకుని, అక్కడివాళ్లని మూడు ప్రశ్నలు అడగాలి. నాకు తెలిసిన వీధి నీదే, పదో తరగతి దాకా అక్కడే కదా పెరిగాను. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం వల్ల నేను రాలేను. నా బదులు నువ్వు అడుగుతావా?

ఒకటి: పక్కింటివాళ్లతో తగువొచ్చి పోలీసు దగ్గరికో కోర్టుకో ఎప్పుడైనా వెళ్లారా? రెండు: ఎవరైనా మీకు అన్యాయం చేస్తే ముందు ఎవరికి చెబుతారు? మూడు: మీరు రోజూ వాడుకునేవాటిలో కాగితం ప్రకారం మీవి కానివి ఏమైనా ఉన్నాయా?

నియమాలు గట్టివి. నీ అభిప్రాయం చెప్పకూడదు, తల ఊపకూడదు, నవ్వకూడదు. అన్న మాట అన్నట్టు రాసుకోవాలి.

వెనకింటి నర్సత్తని అడిగానని చెప్పు. ఇంకా మన పెరట్లోంచే ఆసుపత్రికి వెళ్తోందా?

నీ పిల్ల


జూలై 20

లాయరు కాని పిల్లకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏమవుతావో తెలియని చదువుకి మీ అమ్మ ఎలా ఒప్పుకుందో గానీ, నువ్వు అడిగిన పని చేశాను. నేను జనానికి మాత్రం లాయరనే చెబుతాను. 'చట్టం, సమాజం' అంటే "అదేంటి?" అంటారు, ఆ తర్వాత నేనేం చెప్పను?

ముందు టైలరు దగ్గరికి వెళ్లాను. నవ్వొద్దన్నావు కదా, మొహం గంటు పెట్టుకుని స్టూలు మీద కూర్చుని, కాగితం తీసి, మూడు ప్రశ్నలూ చదివాను. మొదటిదానికి "కోర్టా! మనకెందుకండీ!" అని నవ్వాడు. రెండోదానికి "మీకే చెబుతాను" అన్నాడు. మూడోది చదవగానే కత్తెర కింద పెట్టేశాడు. ఒకసారి నన్ను, ఒకసారి కాగితాన్ని, ఒకసారి వాకిట్లో రోడ్డు మీదికి కట్టుకున్న మెట్టునీ చూసి, "ఎవరడగమన్నారు?" అన్నాడు. "మా పిల్ల. లా చదువుతోంది కదా" అన్నాను. "ఏమీ లేవు, అన్నీ నావే" అని రాసుకోమన్నాడు. రాసుకున్నాను.

మెకానిక్కు ఇంకా విచిత్రం. ఫుట్‌పాత్ మీద బళ్లు పెట్టుకుని, "అవి నావి కావు, కస్టమర్లవి" అన్నాడు. అదీ రాసుకున్నాను.

ఇక నర్సమ్మ. డ్యూటీకి పోతూ ఎప్పట్లాగే వెనక గేటు తోసుకుని పెరట్లోకొచ్చింది. టీ ఇచ్చాను. అలవాటుగా మోకాళ్ల గురించి, కొత్త డాక్టరు చేతిరాత గురించి మొదలుపెట్టింది. నేను తల ఊపకుండా కూర్చున్నాను. "ఏమే, ఒంట్లో బాలేదా?" అంది. మూడో ప్రశ్న అడిగేసరికి సగం టీ అక్కడే వదిలేసి, టైమైపోయిందని వెళ్లిపోయింది. ఆవిడ జవాబు దగ్గర ఏం రాయమంటావు?

ఇక్కడ ఎండలు. జిగురు కుండలోనే గట్టిపడుతోంది. నువ్వు వేళకి తిను.

పెద్దమ్మ


జూలై 28

పెద్దమ్మా,

నువ్వు బంగారం! క్లాసులో నీ కాగితం చదివితే అందరూ చెవులు రిక్కించి విన్నారు. "అన్నీ నావే" దగ్గర టీచరమ్మ పెన్ను ఆపేసి ఆలోచించింది. నర్సత్త జవాబు దగ్గర ఖాళీగా వదిలెయ్యి, మౌనం కూడా జవాబేనట.

కానీ ఒక్కసారి మళ్లీ అడగగలవా? ఈ వారమే దారుల గురించి చదువుకున్నాం. ఒకరి స్థలంలోంచి ఇంకొకరు ఏళ్ల తరబడి నడిస్తే, కొన్నిచోట్ల అది హక్కు అయిపోతుంది. తమాషా ఏంటంటే, అనుమతి అడిగి నడిస్తే హక్కు రాదు, ఎవరినీ అడక్కుండా నడిస్తేనే వస్తుంది! మర్యాదగా అడిగినవాడికి ఏమీ లేదు, అడగనివాడికి దారి. ఇందులో న్యాయం ఎటుందో క్లాసంతా కొట్టుకున్నాం. లెక్కలు చదివే మా రూమ్మేటు కూడా తేల్చలేకపోయింది.

నర్సత్తని ఇదొక్కటే అడుగు: మన పెరట్లోంచి ఆవిడ అనుమతితో నడుస్తోందా, అనుమతి లేకుండా నడుస్తోందా? ఆవిడ ఏమనుకుంటోందో తెలిస్తే నా వ్యాసం నిలబడుతుంది.

నీ పిల్ల


ఆగస్టు 17

పిల్లా,

నీ వ్యాసం నిలబడిందేమో గానీ ఇక్కడ ఏదీ నిలబడలేదు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. "అనుమతితో నడుస్తున్నావా, అనుమతి లేకుండానా?" అని, నవ్వకుండా. ఆవిడ గేటు మీద చెయ్యి పెట్టి, "ఇన్నాళ్లకి ఈ మాట అడగాలనిపించిందా నీకు?" అని వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి మెకానిక్కు మూల చుట్టూ తిరిగి, రోడ్డు దాటి, గోడవెంట కుంటుకుంటూ పోతోంది. పిలిస్తే వినపడనట్టు పోతోంది. చెవులు పోయింది నాకు కదా!

టైలరు మెట్టు పగలగొట్టించాడు. నేనేమీ అనలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు కొలతలివ్వడానికి వచ్చే ముసలమ్మలు దుకాణంలోకి ఎక్కలేక కిందే నిలబడుతున్నారు. మెకానిక్కు రెండు బళ్లు లోపలికి తోసి, "ఇక చాలాండీ?" అని అడిగిపోయాడు. ఏది చాలు? ఎవరికి చాలు? మా పిల్ల లాయరై వస్తోంది, వీధంతా ఖాళీ చేయిస్తుందని ఎవరో పుట్టించారు. నా దుకాణానికి ఎవరొచ్చినా మాట తగ్గించి, సరుకు తీసుకుని పోతున్నారు.

నిన్న నోటీసు వచ్చింది. ప్లీడరు దగ్గర్నుంచి, నర్సమ్మ తరఫున. నేను దారి మూసేస్తానని బెదిరించానట. ఆవిడ "ఎవరి అనుమతీ లేకుండా, అందరూ చూస్తుండగా, ఏ అడ్డూ లేకుండా" ఇన్నేళ్లూ మన పెరట్లోంచి నడిచిందట.

బెదిరించానని రాస్తే రాయనీ. ఆ మొదటి ముక్క ఉందే, అదే మింగుడు పడటం లేదు. ఆవిడ వెనకింట్లో దిగిన కొత్తలో, ఒంటిమీద తెల్లబట్టలతో గేటు అవతల నిలబడి, "అక్కా, ఇటు నుంచి వెళ్లొచ్చా, ఆలస్యమైపోయింది" అని అడిగింది. నేను వెళ్లమన్నాను. స్నేహం మొదలైందే అక్కడ. ఇప్పుడు అడగనే లేదని సంతకం పెట్టింది. అంటే ఆ రోజు లేదా? నేను కల కన్నానా?

పెద్దమ్మ


ఆగస్టు 24

పెద్దమ్మా,

తప్పంతా నాది. ఊరికే ఉన్న తుట్టెని కదిపాను.

కానీ ఒకటి నమ్ము. "ఎవరి అనుమతీ లేకుండా" అన్నది నర్సత్త మాట కాదు. అది రాయకపోతే దావా నిలవదు, అందుకని ప్లీడరు రాస్తాడు. నేను రాసిన తమాషా అదే కదా. అడిగానని ఒప్పుకుంటే ఆవిడకి దారి పోతుంది. నువ్వు గేటు మూసేస్తావని భయపడింది, ఆ భయంలో సంతకం పెట్టింది. నీతో స్నేహం లేదని కాదు.

ఇలా రాస్తున్నాను గానీ, ఇది నిన్ను ఓదార్చడమో పాఠం చెప్పడమో నాకే తేలడం లేదు.

నర్సత్తకి విడిగా ఒక ఉత్తరం రాసి పంపాను. నాకు తట్టు పోసినప్పుడు రాత్రులు పక్కన కూర్చున్నది ఆవిడే, ఆవిడకి నిజం చెప్పాలనిపించింది. నువ్వేమీ చేయకు. ప్లీడరుకి కోపంగా జవాబు రాయకు.

నీ పిల్ల


సెప్టెంబరు 3

నీ ఉత్తరం నర్సమ్మకి చేరింది. ఆవిడ దాన్ని ప్లీడరుకి చూపించింది. "ఆ దారి మీదే అత్తా, దాన్ని పెద్దమ్మ కూడా ఆపడానికి వీల్లేదు" అని రాశావట. ఎదుటివాళ్ల లాయరే రాసిచ్చిందని ప్లీడరు సంబరపడి ఫైల్లో పెట్టుకుని, కోర్టులో దావా కూడా వేసేశాడట. టైలరు చెప్పాడు. టైలరుకి మెకానిక్కు చెప్పాడు.

పెద్దమ్మ కూడా ఆపడానికి వీల్లేదు! నేను ఆపుతానని నీకెవరు చెప్పారు? అన్నం పెట్టి పెంచినదాని గురించి అలా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

ఒక్కమాట చెప్పు. నువ్వెవరి తరఫు?

పెద్దమ్మ


సెప్టెంబరు 10

పెద్దమ్మా,

ఎవరి తరఫు అని అడిగావు. వారం నుంచీ ఆ ప్రశ్నే నన్ను తినేస్తోంది.

నేను రాసింది అలా కాదు. "పెద్దమ్మ ఆ గేటు ఏనాడూ మూయలేదు, మూయమని ఎవరు చెప్పినా మూయదు, ఆ దారి మీదే అనుకోండి, మిమ్మల్ని ఎవరూ ఆపరు" అని రాశాను. అందులోంచి వాళ్లకి కావలసిన ముక్క తీసుకున్నారు. అయినా ఆ ముక్క రాసింది నేనే, కాదనలేను.

టీచరమ్మ దగ్గరికెళ్లి ఈ వ్యాసం వద్దు, ఈ చదువే వద్దు, లెక్కల్లో చేరిపోతానన్నాను. "అడిగితేనే కదా మీ వీధిలో చట్టం ఎక్కడ నిద్రపోతోందో తెలిసింది" అంది ఆవిడ. నాకు ఒళ్లు మండిపోయింది. "నిద్రపోయేదాన్ని లేపి మా పెద్దమ్మ పెరట్లో వదిలాను మేడమ్, అది కరుస్తోంది" అన్నాను. ఆవిడ పెన్నుకి మూత పెట్టి, "వాళ్లిద్దరి అనుమతీ నువ్వు సరిగ్గా తీసుకున్నావా?" అని మెల్లగా అడిగింది. తీసుకోలేదు పెద్దమ్మా. నీకూ చెప్పలేదు, ఆవిడకీ చెప్పలేదు, జవాబులు ఏం చేస్తానో.

వాయిదాకి నేను వస్తాను. పక్కన నిలబడతాను. తేదీ రాయి.

నీ పిల్ల


సెప్టెంబరు 26

పిల్లా,

తేదీ కావాలనే రాయలేదు. నువ్వొస్తే ఎవరి పక్కన నిలబడతావోనని నాకే భయమేసింది. నిన్న అయిపోయింది.

ఇంటి నుంచి ఒకే బస్సెక్కాం, నేను ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో. కోర్టు వసారాలో ఒకటే బల్ల. నిలబడదామనుకున్నాను గానీ ఆవిడ మోకాళ్లు చూసి జరిగాను. ఆవిడ కూర్చుంది. మధ్యలో నా సంచీ. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాం. ఒకసారి ఆవిడ మందుబిళ్ల తీసి నీళ్ల కోసం చుట్టూ చూసింది. నా సీసా సంచీ మీద పెట్టాను. తాగి, మూత పెట్టి, మళ్లీ అక్కడే పెట్టింది.

బంట్రోతు మా ఇద్దరి పేర్లూ తప్పుగానే పిలిచాడు. లోపలికెళ్తే జడ్జిగారి వెనక గోడకి ఒక పెద్ద ఫొటో, దాని ఫ్రేము కింది మూల విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. నా చూపంతా దాని మీదే. మేకు ఒక్కటి సరిగ్గా పడితే సరిపోయేది. ఆయన అడిగేది సగం వినపడలేదు.

"ఆ గేటు ఎప్పుడైనా మూశారా?"

"లేదండీ."

"ఇక ముందు మూస్తారా?"

"ఎందుకు మూస్తానండీ?"

"మరి తగువేంటమ్మా?"

నేను నర్సమ్మని చూశాను, ఆవిడ నన్ను చూసింది. ఇద్దరం ప్లీడరుని చూశాం. ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

రాజీ అని రాశారు. ఆవిడకి ఆ దారిలో నడిచే హక్కుంది, నేను గానీ నా తర్వాతివాళ్లు గానీ అడ్డుపెట్టకూడదు. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇన్ని రోజుల బెంగ, కుళాయి దగ్గర బిందె నిండేంతసేపట్లో తేలిపోయింది. నేను గెలిచానో ఓడానో కూడా ఎవరూ చెప్పలేదు. పీడ వదిలింది, ఇక రేపటి నుంచి ఇటే వస్తుందిలే అనుకుని ఇంటికొచ్చాను.

పెద్దమ్మ


అక్టోబరు 15

పెద్దమ్మా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అమ్మ చెబితే తెలిసింది, తీర్పొచ్చి ఇన్నాళ్లయినా నర్సత్త పెరట్లోకి అడుగుపెట్టలేదట, వానలో కూడా మూల చుట్టూ తిరిగే పోతోందట. నాకు అర్థం కావడం లేదు. దారి కావాలనే కదా దావా వేసింది?

నా వ్యాసం తిరిగొచ్చింది. టీచరమ్మ చివర్లో "ముగింపు ఏది?" అని రాసింది. నా దగ్గర ముగింపు లేదు. వీధిలో అందరికీ అన్నీ ఉన్నప్పుడు ఎవరి దగ్గరా కాగితం లేదు. ఇప్పుడు కాగితం ఉంది, నడిచేవాళ్లు లేరు. ఇది చట్టం తప్పా, నా ప్రశ్న తప్పా, మీ ఇద్దరి మొండితనమా? మూడు రకాలుగా రాసి మూడూ కొట్టేశాను. లెక్కల్లో చేరే గడువు ఈ నెలాఖరు.

నర్సత్త ఎందుకు రావడం లేదో నువ్వేమనుకుంటున్నావు? వ్యాసం కోసం కాదు. నాకోసం రాయి.

నీ పిల్ల


అక్టోబరు 24

పిల్లా,

నువ్వు అడిగినదానికి నాకు జవాబు తెలియక, ఒక పని చేశాను. మంచిదో చెడ్డదో నువ్వే చెప్పు.

సోమవారం పొద్దున వాన. కిటికీలోంచి చూస్తే ఆవిడ గొడుగేసుకుని, గోడ పట్టుకుని, మూల తిరుగుతోంది. మన గేటు బార్లా తెరిచే ఉంది. కాసేపు చూశాను, కడుపు మండిపోయింది. దుకాణం షట్టరుకేసే పెద్ద తాళం తెచ్చి, వెనక గేటుకి వేసేశాను.

మెకానిక్కు చూశాడు. ఇక చెప్పాలా! పది నిమిషాల్లో ఆసుపత్రి దాకా పోయిన మనిషి, గొడుగు కూడా వేసుకోకుండా వెనక్కొచ్చి గేటు పట్టుకుని ఊపేస్తోంది.

"తియ్యవే తాళం!"

"తియ్యను."

"నా దగ్గర కోర్టు కాగితం ఉంది!"

"ఉంటే దాచుకో. తడిసిపోతుంది."

"నా దారికి తాళమేస్తావా? నిన్ను జైలుకి పంపిస్తారు తెలుసా?"

"దారన్నాక నడవాలి. నడవని దారికి తాళముంటే నీకేం, తలుపుంటే నీకేం?"

"ఎలా రానే? ఏ మొహం పెట్టుకుని రాను? కోర్టుకీడ్చినదాన్ని వచ్చి నీ టీ తాగమంటావా?"

"హక్కుందిగా!"

"హక్కుతో టీ ఎలా తాగుతారే!" అని అరిచి, గేటు ఊచల మీద తల ఆనించి ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. టైలరు, మెకానిక్కు, కొలతలకొచ్చిన ముసలమ్మలు అందరూ వానలో నిలబడి చూస్తున్నారు. ఆ ప్లీడరు ఆ ముక్క రాయాలని అంటే తాను మూడుసార్లు కాదన్నానని, రాయకపోతే గేటు మూసేస్తారని భయపెట్టాడని చెప్పింది. "అడిగానే, నేను అడిగానే ఆ రోజు" అని అదే మాట. తెలుసు, తెలుసు అన్నాను. తాళంచెవి జిగురు చేత్తో పట్టుకుంటే అంటుకుపోయి రాదు. ఆ కంగారులో ఆవిడ నన్ను తిడుతోంది, నేను ఆవిడని తిడుతున్నాను. నోరు చేసుకుని ఎన్నాళ్లయిందో! తెరిచేసరికి ఇద్దరం ముద్దయిపోయాం. టీ తాగలేదు, డ్యూటీకి ఆలస్యమైందని విసవిసా పెరడు దాటి పోయింది. పోతూ పోతూ, "ఇంకోసారి తాళమేశావో చూడు!" అంది.

టైలరుని పిలిచి మెట్టు మళ్లీ కట్టించుకోమన్నాను. "రాసిస్తారా?" అన్నాడు. ఏం రాయాలో, ఎవరు రాయాలో తెలియక ఇద్దరం నిలబడిపోయాం.

ఇదంతా కోర్టు మాట కాదన్నట్టవుతుందని భయంగానే ఉంది. మీ టీచరమ్మకి చెప్పకు. లేదా చెప్పు, ఆవిడకేమైనా తోస్తే నాకు రాయి. లెక్కల్లో చేరతావో ఇందులోనే ఉంటావో నీ ఇష్టం. నాకైతే రెండింటి గురించీ ఏమీ తెలియదు. ఆవిడ ఆ రోజు నుంచీ పెరట్లోంచే పోతోంది గానీ ఆగడం లేదు, పలకరిస్తే "ఊ" అంటోంది, అంతే. ఆ "ఊ" నాకు చాలలేదు.

అందుకని ఈ సాయంత్రం మళ్లీ తాళమేశాను. తాళంచెవి ఒళ్లో పెట్టుకుని, రెండు కప్పులు కడిగి పెట్టి, ఇది రాస్తున్నాను. గేటు దబదబా బాదుతోంది. ఉంటాను.

పెద్దమ్మ